ఏడో పొయ్యి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కిందనుంచి గడ్డిఅన్నారం వైపు తిరిగే ఒక సందులో ‘మన చేతి రొట్టె’ అనే కొట్టుంది. అందులో ఏడు పొయ్యిలున్నాయి. రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళకి మాత్రం ఆరే కనిపించేవి. ఏడోది వెనక గదిలో ఆకుపచ్చ కర్టెన్ చాటున ఉండేది. బోర్డు మీద పెయింటరెవరో రెండు చేతులు వేశాడు. బొద్దుగా, గాజులతో, పది వేళ్ళూ తీర్చిదిద్దినట్టున్న చేతులవి. ఆ కొట్టులో అందరికంటే మంచి రొట్టెలు చేసే యాదలక్ష్మి చేతులు అలాంటివి కావు. అందుకే ఆమెను కర్టెన్ వెనక కూచోబెట్టారు.

ఆమె కుడిచేతి నాలుగు వేళ్ళూ లోపలికి ముడుచుకుపోయి, కొసలు అరిగి పొట్టివయ్యాయి. ఎడమచేతికి చూపుడువేలు, మధ్యవేలు మాత్రం నిటారుగా మిగిలాయి. అది పెద్దరోగం చేసిపోయిన పని. కుష్ఠు అని పుస్తకాల్లో రాస్తారు గానీ నల్లగొండ పల్లెల్లో ఆ మాట నోటితో పలకరు, పెద్దరోగం అనే అంటారు. రోగం తగ్గి ముప్పై ఏళ్ళు దాటింది. రోగం వేరు, అది వదిలిపోయిన గుర్తు వేరు. ఊళ్ళో జనానికి ఆ తేడా అర్థం కాలేదు. పట్నంలో వాళ్ళకి చదువెక్కువ కాబట్టి కాస్త మర్యాదగా అర్థం కాలేదు. అంతకుమించి రెండు చోట్లకీ పెద్ద తేడా ఏమీ లేదు.

దేవరకొండ దాటాక ఇరవై మైళ్ళలో ఆమె అత్తగారి ఊరు. పెళ్ళయిన రెండో ఏడు ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ లేచింది. దురద లేదు, నొప్పి లేదు. ఒకనాడు పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ సరిగ్గా ఆ మచ్చ మీద పడి చర్మం కాలితే, పక్కనున్న అత్త అరిచింది గానీ ఆమెకు తెలియలేదు. ఆ వారమే మొగుడు అంతయ్య ఆమెను పుట్టింటికి తీసుకొచ్చాడు. “నాలుగొద్దులు మీ అమ్మకాడ ఉండు. నేనే ఒచ్చి తోల్కపోతా” అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంతవరకూ పూర్తి కాలేదు.

సర్కారు దవాఖానలో ఏడాదిపాటు మాత్రలు మింగింది. రోగం పూర్తిగా పోయిందని, ఆమె వల్ల ఎవరికీ రాదని డాక్టరమ్మ కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చింది. ఇస్తూ ఒక మాట చెప్పింది. “ఇంకమీద నీ చెయ్యి కాలినా కోసుకున్నా నీకు చెప్పదు. రోజూ నువ్వే కండ్లతోటి చూస్కోవాలె.” యాదలక్ష్మి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని అత్తారింటికి వెళ్ళింది. అంతయ్య గుమ్మంలోనే నిలబడి కాగితాన్ని తిరగేసి చూశాడు, మడిచి ఇచ్చేశాడు. లోపల ఇంకో ఆడమనిషి గాజుల చప్పుడు వినిపించింది. మంచినీళ్ళు కూడా అడక్కుండా ఆమె హైదరాబాదు బస్సెక్కింది.

ఇక్కడ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఆమెను ఇరవై ఏళ్ళకు పైగా పోషించింది. మార్కెట్లో ఎవరి చేతులూ ఎవరూ చూడరు. అందరి చూపూ కాయ మీదే. బత్తాయిని అరచేతి మీదకి ఎత్తి, బరువు చూసి, వాసన పట్టి ఇది పెద్ద రకం, ఇది జ్యూసు రకం, ఇది రేపటికి ఆగదు అని మూడు కుప్పలు పోసేది. వేళ్ళతో పనే లేదు. 2021లో మార్కెట్టు ఊరి బయటికి తరలిపోయింది. అంత దూరం తెల్లవారుజామున వెళ్ళే బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. కొత్త షెడ్డులో కొత్త గుమాస్తా “ఈ చేతులేంది?” అన్నాడు. మూడో రోజు నుంచి ఆమె ఆ బస్సెక్కలేదు.

కుసుమకుమారి గారు తగిలింది ఆ తర్వాతే. ఆవిడది తెనాలి. బ్యాంకులో పాతికేళ్ళు చేసి, పదవీ విరమణ తీసుకుని, ఊరికే కూచోలేక ఈ కొట్టు పెట్టింది. ఎవరూ పనివ్వని ఆడవాళ్ళకే ఇక్కడ పని అన్నది ఆవిడ పెట్టుకున్న నియమం. గుడుంబా కేసులో రెండేళ్ళు జైల్లో ఉండి వచ్చిన పెంటమ్మ, చెవులు వినపడని అక్కచెల్లెళ్ళు ఇద్దరు, మొగుడు ముఖం కాల్చిన ఆవిడ, ఇంకా ఇద్దరు అప్పటికే ఉన్నారు. యాదలక్ష్మి కవర్లోంచి దవాఖాన కాగితం తీయబోతే కుసుమకుమారి చెయ్యి అడ్డం పెట్టింది.

“కాగితం నాకెందుకమ్మా, రొట్టె చెయ్యడం వచ్చా?” అంది.

ఆ మాట యాదలక్ష్మి ఈనాటికీ మరిచిపోలేదు. అందుకే తర్వాత జరిగింది ఆమెకు అంత గట్టిగా తగిలింది.

జొన్నరొట్టె అంటే పిండి తెచ్చి నీళ్ళు పోసేస్తే అయిపోయే పని కాదు. నీళ్ళు తెర్లాలి, ఆ మరిగే నీళ్ళతోనే పిండి తడపాలి, వేడి ఉండగానే పిసకాలి. యాదలక్ష్మి చేతికి వేడి తెలియదు కాబట్టి పిండిని చెంప దగ్గరకు తెచ్చి చూసుకునేది. వేళ్ళు ఆడవు కాబట్టి మణికట్టు దగ్గరి అరచేతితో పిసికేది, ఆ అరచేతితోనే పీట మీద తట్టేది. మిగతావాళ్ళ రొట్టె మీద నాలుగు వేళ్ళ గుర్తులూ పడతాయి. ఆమె రొట్టె మీద ఒక్క గుర్తూ ఉండదు. అంచు నుంచి అంచు దాకా ఒకే మందం. పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్ది తిప్పేసరికి బూరెలా పొంగేది. రోజూ పని అయ్యాక ట్యూబులైటు కింద రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకునేది, ఎక్కడైనా కాలిందేమోనని.

కర్టెన్ సంగతి మొదటి రోజే చెప్పింది కుసుమకుమారి. “జనం మనలా ఆలోచించరు యాదలక్ష్మీ. కొన్నాళ్ళు లోపల కూచో, తర్వాత చూద్దాం.” ఆ కొన్నాళ్ళకి రెండేళ్ళు నిండాయి.

ఆ కొట్టులో ఇంకో ఆచారం ఉంది. సాయంత్రం నాలుగింటికి షట్టరు ఎత్తే ముందు కుసుమకుమారి ప్రతి పొయ్యి దగ్గరా ఆగి, తొలిరొట్టెలోంచి ఒక తునక తుంచి నోట్లో వేసుకుంటుంది. వేసుకుని ఊరుకోదు, తిడుతుంది. “పెంటమ్మా, ఇది రొట్టెనా చెప్పు అట్టా? నీళ్ళు మరిగాయా అసలు?” అంటుంది. వినపడని అక్కచెల్లెళ్ళకి కూడా చేతులూపి మరీ చీవాట్లు పెడుతుంది. ఆ తిట్లకి ఎవరూ నొచ్చుకోరు, తిట్టు పడిందంటే ఆ రోజు పని మొదలైనట్టు. ఆరు పొయ్యిలూ అయ్యాక కర్టెన్ కొంచెం పక్కకి తీసి, గుమ్మంలోంచే, “నీది చూడక్కర్లేదు యాదలక్ష్మీ, నీది ఎప్పుడూ బాగుంటుంది” అనేది.

మొదటి నెల ఆ మాటకి యాదలక్ష్మి మురిసిపోయింది. మూడో నెలకి అర్థమైంది. మేడం ఆమె రొట్టెను ఒక్కసారి కూడా నోట్లో పెట్టలేదు. పొగడ్తతో కూడా మనిషిని ఆమడ దూరాన ఉంచవచ్చని అప్పుడు తెలిసింది. తెలిసినా నోరెత్తలేదు. తిండి పెడుతున్న చోటు, పైగా మంచి మనిషి. సర్దుకుపోవడం ఆమెకు కొత్తేమన్నానా?

నోరెత్తించింది వెంకటేశ్వరరావు గారు. అదీ తెలియకుండానే. ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే పెద్దాయన, గుడివాడ వైపు మనిషి. షుగరు వచ్చిందగ్గర్నుంచి రాత్రికి రెండు జొన్నరొట్టెలే తింటాడు. క్లాసయ్యాక కొట్టు దగ్గర ఆగి, రొట్టెల పొట్లం సంచిలో వేసుకుని, మెట్రోలో ఎల్‌బీ నగర్‌లోని ఇంటికి వెళ్ళడం ఆయన అలవాటు. ఏ రొట్టె పడితే ఆ రొట్టె తీసుకోడు. “వేళ్ళ గుర్తుల్లేనివి రెండు” అని అడిగి మరీ తీసుకుంటాడు. ఒక శుక్రవారం సాయంత్రం ఆయనకి కుతూహలం ఆగలేదు.

“కుసుమకుమారి గారూ, ఇవి మనుషులు చేసినవి కావండీ. పెంటమ్మగారి రొట్టె చూడండి, నాలుగు వేళ్ళూ అచ్చుపడి ఉంటాయి. వీటి మీద ఒక్క గుర్తు లేదు. లోపల మిషన్ ఏమన్నా పెట్టారా?”

కుసుమకుమారి ఒక్క క్షణం తడబడింది. వెనక నలుగురు బేరగాళ్ళు నిలబడి ఉన్నారు.

“అవునండీ, చిన్న మిషనే” అనేసింది.

పెంటమ్మ తల దించుకుంది. మిగతావాళ్ళూ దించుకున్నారు. వినపడని అక్కచెల్లెళ్ళు మాత్రం తమ మానాన తాము రొట్టెలు తడుతూనే ఉన్నారు. కర్టెన్ వెనక యాదలక్ష్మి పెనం మీది రొట్టె మాడిపోయింది. రెండేళ్ళలో ఆమె చేతిలో మాడిన మొదటి రొట్టె అది. రోగమొచ్చినప్పుడు ఊళ్ళోవాళ్ళు ఆమెను చాలా మాటలన్నారు. అవన్నీ మనిషిని అన్న మాటలే. మనిషి కాదనడం ఇదే మొదలు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం రెండింటికే వచ్చి, కర్టెన్ పక్కకి నెట్టి, పొయ్యిని బయటికి ఈడ్చింది. అప్పుడే వచ్చిన పెంటమ్మ చూసి ఆగిపోయింది.

“ఏందే చెల్లె, పొయ్యి యాడికి గుంజుతున్నవ్?”

“బయటికి.”

“మేడం ఒప్పుకున్నదా?”

“అడగలే.”

పెంటమ్మ గ్యాసు సిలిండరుకి ఒక చెయ్యి వేసింది. వరసలో ఆరు పొయ్యిల పక్కన ఏడోది కుదురుకుంది. దాని పక్కనున్న పెంటమ్మ పొయ్యి మాత్రం మూరెడు ఎడంగా జరిగింది. బరువు మోసి ఎగపోస్తూ యాదలక్ష్మి పీట వేసుకుని కూచుంది.

మూడున్నరకి వచ్చిన కుసుమకుమారి గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఏంటిది యాదలక్ష్మీ?”

“మిషన్ బయటికొచ్చింది మేడం.”

కుసుమకుమారి ముఖం పాలిపోయింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “నిన్న నోరు జారాను, తప్పు నాదే. కానీ ఒక్కసారి ఆలోచించు. ఒక్కళ్ళు చూసి పదిమందికి చెబితే చాలు, ఏడుగురి పొట్ట మీద దెబ్బ. నీ ఒక్కదాని పంతం కోసం అందరూ పస్తులుండాలా?”

“పంతం కాదు మేడం. రేపు ఎవలన్న కర్టెన్ తీసి చూస్తె ఏం జేస్తరు? దాసిపెట్టి తినిపిచ్చిన్రు అంటరు. గప్పుడు ఏడు పొయ్యిలు ఒక్కపారే ఆరుతయి. నేను దొంగసరుకునా? నాకు రోగం లేదు. కాగితం ఉన్నది. మీరు సూడలే గానీ, ఉన్నది.”

నాలుగు కావస్తోంది. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మనిషి అలవాటైన పనే చేస్తుంది కదా, కుసుమకుమారి రుచి చూడటానికి బయల్దేరింది. పెంటమ్మది తుంచింది, ఉప్పు లేదంది. మిగతా ఐదు పొయ్యిల తునకలూ నోట్లో వేసుకుంది. ఏడో పొయ్యి దగ్గరికి వచ్చేసరికి యాదలక్ష్మి పళ్ళెంలో రొట్టె పెట్టి ముందుకు జరిపి ఉంచింది.

“నాది గూడ సూడుండ్రి మేడం.”

“నీది ఎప్పుడూ...”

“సూడుండ్రి.”

“ఇవాళ శనివారం కదమ్మా. నాకు ఒంటిపూట. సాయంత్రం ఏమీ తినను” అంది కుసుమకుమారి.

ఆ మాట నోటివెంట వచ్చాక గానీ తను ఏమందో ఆవిడకి తెలియలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో శనివారం రొట్టెల అమ్మకం రెట్టింపు అయ్యేదే ఒంటిపూట వాళ్ళ వల్ల. కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కుకున్నవాళ్ళంతా ఆ రాత్రి అన్నం మాని రొట్టె తింటారు. ఆ సంగతి బోర్డు కింద చిన్న అక్షరాలతో రాయించింది కూడా ఆవిడే.

“ఒక్కపొద్దోళ్ళే గద మేడం మనకాడ రొట్టె కొనేది” అంది యాదలక్ష్మి మెల్లగా. “మీరు గూడ గిప్పుడే ఆరు తునకలు తింటిరి.”

కుసుమకుమారి మెడ ఎర్రబడింది. “సరే, వచ్చే శనివారం దాకా ఇక్కడే కూచో” అంది. “అమ్మకం పడిపోతే మాత్రం మారు మాట్లాడకుండా లోపలికెళ్ళాలి. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంట. పడిపోకుంటే?”

“నువ్వే చెప్పు.”

“నా రొట్టె గూడ తినాలె. అందరికి తిట్టినట్టు నాకు గూడ తిట్టాలె.”

ఆ సాయంత్రం వెంకటేశ్వరరావు గారు వచ్చి ఎప్పటిలాగే గుర్తుల్లేని రొట్టెలు రెండడిగాడు. పొట్లం అందుకోబోతూ దాన్ని అందిస్తున్న చేతుల్ని చూశాడు. చూపు అక్కడే ఉండిపోయింది.

“మిషన్ లేదు సారు. రెండేండ్ల సంది మీరు తిన్నయి నేను జేసినయే” అంది యాదలక్ష్మి.

ఆయన ఆమె వంక చూడలేదు. కుసుమకుమారి వంక చూశాడు. పొట్లం బల్ల మీద పెట్టేసి మెట్రో వైపు నడిచాడు. రాత్రి యాదలక్ష్మి ఆ పొట్లాన్ని గదికి తీసుకెళ్ళి తనే తింది. రొట్టెలు బాగానే ఉన్నాయి. పక్కింటివాళ్ళు పెట్టిన తొక్కుతో రెండూ తిని, చేతులు చూసుకుని, పడుకుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె ఇంట గెలవకుండానే రచ్చకెక్కింది, కాబట్టి వారమంతా రెండు వైపులా దెబ్బలు తింది. ఆదివారం ఒకావిడ పొట్లం తీసుకుని, పది అడుగులు వేసి, దాన్ని ఆగి ఉన్న స్కూటర్ మీద పెట్టి వెళ్ళిపోయింది. సోమవారం ఇద్దరు కాలేజీ పిల్లలు ఫోను ఎత్తి పెట్టి ఆమె చేతుల్ని వీడియో తీశారు. ఆమె చేతులు దాచుకోలేదు. “ముఖం గూడ తియ్యుండ్రి బిడ్డా, చేతులే ఎందుకు?” అంది. వాళ్ళు సిగ్గుపడి ఫోను దించుకున్నారు. మంగళవారం ఇంకో ఆవిడ ముక్కు చిట్లించి, ఇది అంటుకుంటుందేమో అని పెంటమ్మని అడిగింది.

“అంటదమ్మా. అంటేదైతే రెండేండ్ల సంది ఒక్క కాడ పనిజేస్తున్న నాకు అంటకపోవునా?” అని పెంటమ్మ గయ్‌మంది.

“మరి ఆమె చేసింది నువ్వు తిన్నావా?” అందావిడ.

పెంటమ్మ పెనం వైపు తిరిగి రొట్టె తిప్పింది. నిజమే, తినలేదు. ఆ కొట్టులో ఎవరూ తినలేదు. ఊరందరికీ అమ్మిన రొట్టెను మిగతా ఆరు పొయ్యిల మనుషుల్లో ఒక్కరూ ముట్టలేదు. ఆవిడ అడిగిన ఆ ప్రశ్న కొట్టులో రెండు రోజులు తిరుగుతూనే ఉంది.

బుధవారం ఇంకో పొరపాటు జరిగింది. ఆ పొరపాటు ఆమె ఒక్కతే చెయ్యగలదు. జనం చూస్తున్నారన్న ధ్యాసలో పడి చెయ్యి ఎక్కడుందో చూసుకోలేదు. కుడి అరచెయ్యి పెనం అంచుకి ఆనుకుని ఉండిపోయింది. నొప్పి లేదు. పెంటమ్మకే ముందు వాసన తగిలింది.

“యాదీ! చెయ్యి! చెయ్యి తియ్యే!” అని రెక్క పట్టి లాగింది. అప్పటికే అరచెయ్యి మధ్యలో తోలు ఊడింది. డాక్టరమ్మ చెప్పిన మాట ముప్పై ఏళ్ళు తప్పని మనిషి, నాలుగు రోజులు బయట కూచునేసరికి తప్పింది. తన మీద తనకే కోపం వచ్చింది. దవాఖానలో మందు రాసి, గుడ్డ చుట్టి, పది రోజులు ఆ చెయ్యి తడపొద్దన్నారు.

“నాలుగు రోజులు సెలవు పెట్టు. జీతం ఎక్కడికీ పోదు” అంది కుసుమకుమారి. ఆ మాటలో దయ ఉంది. బయట పడటానికి దారి దొరికిందన్న ఊరట కూడా ఉంది. యాదలక్ష్మికి రెండూ వినిపించాయి.

“శనివారం దాకా అన్నరు మేడం. శనివారం దాకా కూసుంట” అంది.

గురువారం ఎడమచేత్తో మొదలుపెట్టింది. కట్టిన కుడిచెయ్యి పిండికి తగలకుండా ఎత్తి పట్టుకుని, రొట్టెను తిప్పే బదులు మోచేత్తో పీటనే తిప్పింది. ఎడమ అరచేతికి అలవాటు లేదు. ఒకవైపు మందం, ఒకవైపు పలచన. దానికి తోడు ఆ చేతిలో మిగిలిన రెండు వేళ్ళ గుర్తులూ రొట్టె మీద పడేవి. మొదటి ఐదు రొట్టెలూ విరిగిపోయాయి. ఆరోది నిలిచింది. మిగతావాళ్ళు నాలుగు చేసేలోపు ఆమె ఒకటి చేసేది.

శుక్రవారానికి అమ్మకం సగానికి పడింది. రోజూ నలభై రొట్టెలు తీసుకెళ్ళే ఎల్‌బీ నగర్ లేడీస్ హాస్టలు వాళ్ళు ఇక వద్దని కబురు పంపారు. కొట్టు కట్టేసే ముందు పెంటమ్మ పక్కన చతికిలబడింది.

“చెల్లె, జర లోపలికి పోరాదు. అందరం పరేషాన్ల ఉన్నం. నీకు పుణ్యముంటది.”

యాదలక్ష్మికి ఈ మాట తగిలినట్టు ఏ మాటా తగల్లేదు. పెనం తుడిచి పక్కన పెట్టింది.

“అక్కా, నువ్వు జైలుకెల్లి ఒచ్చినంక మేడం నిన్ను ఏ కర్టెన్ ఎన్క కూసుండమన్నది?” అని అడిగింది. “నీ జైలు కతమయ్యింది. నా రోగం కతమయ్యింది. నీకు బయట, నాకు లోపలనా?”

పెంటమ్మ లేచి వెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నం యాదలక్ష్మి వచ్చేసరికి, వారం కింద మూరెడు ఎడంగా జరిగిన పెంటమ్మ పొయ్యి మళ్ళీ ఆమె పొయ్యి పక్కకి వచ్చి ఉంది.

గడువు శనివారం వచ్చింది. నాలుగింటికి కుసుమకుమారి వచ్చింది. వారంలో ఆవిడ ముఖం పీక్కుపోయింది. వరసగా ఆరు పొయ్యిల దగ్గరా తునక తుంచి, తిట్టవలసినవాళ్ళని తిట్టింది గానీ ఆ తిట్లలో పస లేదు. ఏడో పొయ్యి దగ్గర ఆగింది. ఎడమచేత్తో చేసిన వంకర రొట్టె ఒకటి పళ్ళెంలో పొగలు కక్కుతోంది.

“వారం అయింది యాదలక్ష్మీ” అంది కుసుమకుమారి చిన్నగా. “హాస్టలు కూడా పోయింది. నువ్వు మాటిచ్చావు.”

యాదలక్ష్మి మాట తప్పే మనిషి కాదు. పొయ్యి కట్టేయడానికి చెయ్యి చాచింది. అప్పుడే అరవై దాటిన మగగొంతు వినిపించింది.

“ఒక్క నిమిషం.”

వెంకటేశ్వరరావు గారు. వారం తర్వాత రావడం ఇదే మొదలు. సంచి చంకలో పెట్టుకుని సగం ఎత్తిన షట్టరు కింద నిలబడ్డాడు.

“కుసుమకుమారి గారూ, మీరు నాతో అబద్ధమాడారు. నాకు కోపం వచ్చింది అందుకు. ఆవిణ్ణి చూసి భయం కూడా వేసింది, అదీ దాచను. మా డాక్టర్ని అడిగాను. తగ్గిపోయినవాళ్ళ చేతి నుంచి ఏమీ రాదు, ఏ కాలంలో ఉన్నావయ్యా అని నన్నే కేకలేశాడు. అంతవరకు నా సంగతి తేలింది. తేలనిది మీ సంగతి.” సంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. “నేను రెండేళ్ళు తెలియక తిన్నాను. మీకు అన్నీ తెలుసు కదా. తెలిసి మీరెన్ని తిన్నారు?”

కుసుమకుమారి ఈసారి శనివారం అనలేదు. నీది ఎప్పుడూ బాగుంటుంది అనలేదు. ఏడుగురు ఆడవాళ్ళూ ఆవిడ వంకే చూస్తున్నారు. వినపడని అక్కచెల్లెళ్ళు కూడా.

“ఒక్కటి కూడా తినలేదండీ” అంది చివరికి.

అని అక్కడే, ఏడో పొయ్యి ముందు, చీరకి పిండి అంటుతుందని కూడా చూసుకోకుండా నేల మీద కూచుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యాదలక్ష్మి పళ్ళెం జరిపింది. మిగతావాళ్ళ రొట్టెల్లో అంచు నుంచి గోరంత తుంచే మనిషి, ఈ రొట్టెను రెండు చేతులా పట్టుకుని సగానికి విరిచింది. కూర లేదు, తొక్కు లేదు. పెద్ద ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. జొన్నరొట్టె గబుక్కున మింగుడుపడదు, చాలాసేపు నమలాలి. అందరూ ఆవిడ దవడలు చూస్తూ నిలబడ్డారు.

ముక్క దిగింది. ఇంకో ముక్క తుంచి అదీ తింది. తర్వాత మిగిలిన రొట్టెను ఎత్తి వెలుతురుకి పట్టి చూసి నొసలు చిట్లించింది.

“అంచు పచ్చిగా ఉంది” అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. “మధ్యలో చూడు ఎంత మందమో. ఈ రెండు వేళ్ళ గుంటలేంటి? ఇలాంటివి నాలుగు పెడితే ఉన్న బేరం కూడా పోతుంది. పెనం కాలకుండానే వేస్తే ఎలా యాదలక్ష్మీ? అంత తొందరేంటి నీకు?”

పెంటమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. వెంకటేశ్వరరావు గారు సంచి తెరిచి, “నాకు రెండు. గుర్తులున్నా ఫర్వాలేదు” అన్నాడు.

యాదలక్ష్మి కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి ఒక చేతికి కట్టుంది, ఇంకో చేతికి పిండి ఉంది. రెండేళ్ళ నుంచి ఆమె ఎదురుచూసిన తిట్టు అది. మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట కూడా వదలకుండా విన్నది.

“అట్లనే మేడం” అంది. మంట కొంచెం పెంచి, పెనం బాగా కాలిందాకా ఆగి, తర్వాతి ఉండ పీట మీద పెట్టింది.